బండల మీద పేర్లు చెక్కిన ఈశ్వర్

ఈశ్వర్‌కు బండ ఈశ్వర్ అని పేరు పెట్టింది వాళ్ల కాలేజీ పిల్లలు, ఎగతాళికి. తాండూరులో బండలకు కరువేముంది? ఏ సందులోకి తిరిగినా పాలిష్ మిషన్ల మోత, గోడల వెంట నిలబెట్టిన నాపరాళ్లు, రోడ్డు పక్కన తెల్లగా ఎండిన రాతిబురద. అలాంటి ఊళ్లో డిగ్రీ చదివే పిల్లవాడు పుస్తకాల సంచిలో గ్రానైట్ ముక్కలు మోసుకొస్తే నవ్వరా మరి? అతను మాత్రం కోపం తెచ్చుకోలేదు. ఆ పేరునే ఫోన్‌లో తన పేజీకి పెట్టుకున్నాడు.

నా పేరు రాధమ్మ. నా కుట్టు దుకాణానికి, వాళ్లు అద్దెకున్న రేకుల ఇంటికి మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీదుగా మేము పచ్చిపులుసూ ఇచ్చుకున్నాం, తిట్లూ ఇచ్చుకున్నాం. ఈశ్వర్ గురించి నాకు తెలిసిందంతా ఆ గోడ పక్కన తెలిసిందే.

వాళ్లది బొంరాస్‌పేట దగ్గర పల్లె. కురుమలు. తండ్రి బీరన్న ఇప్పటికీ గొర్రెల మందతో అక్కడే తిరుగుతాడు. పిల్లల చదువుల కోసం తల్లి హన్మమ్మ ఇద్దరినీ తీసుకుని తాండూరు వచ్చి, కందిపప్పు మిల్లులో పనికి కుదిరింది. ఈశ్వర్ పెద్దవాడు. చెల్లెలు దేవిక అప్పుడు ఇంటర్. మొగుడు మంద దగ్గర, పెళ్లాం మిల్లులో, ఇద్దరూ కలిసి కూర్చుని అన్నం తినేది ఏ పండగకో పబ్బానికో.

డిగ్రీలో చేరకముందు ఎండాకాలం సెలవుల్లో ఈశ్వర్ ఒక నేమ్‌బోర్డుల దుకాణంలో పనిచేశాడు. అక్కడ అక్షరాలు చెక్కడం పట్టుబడింది. నిజంగా మంచి చేయి. 'ఈ'కి ఆ వంపు ఎక్కడ ఆపాలో, 'శ'కు నడుం ఎంత సన్నగా ఉండాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పాలిష్ యూనిట్ల వెనక పారేసిన నల్ల గ్రానైట్ ముక్కలు ఏరుకొచ్చి ఇంటి పక్క రేకుల షెడ్డులోనే మొదలుపెట్టాడు. మొదటి పలక మీద 'కురుమ బీరన్న' అని చెక్కాడు. తగిలించడానికి సొంత గడప లేదు కదా, తీసుకెళ్లి గొర్రెల దొడ్డి గుంజకు కట్టాడు. ఆ పలకను చూసి బీరన్న సిగ్గుపడ్డాడని హన్మమ్మ నాకు నవ్వుతూ చెప్పింది.

రాయి కోసేటప్పుడు కోత మిషన్ బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉండాలి. అప్పుడు దుమ్ము లేవదు. ఇది తాండూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఈశ్వర్‌కూ తెలుసు. మూతకు బెజ్జం పెట్టిన నీళ్ల సీసాను పైనుంచి వేలాడదీసుకుని పద్ధతిగానే చెక్కేవాడు. దేవిక ఎదురుగా కూర్చుని ఫోన్‌లో తీసేది. కానీ ఆ వీడియోలు ఎవరూ చూడలేదు. నీళ్లు, బురద, బురదలో చెయ్యి, అంతే. అక్షరం ఎక్కడుందో కనపడేది కాదు.

ఒక రోజు మా వీధికి నల్లా నీళ్లు రాలేదు. మర్నాడు ఎవరిదో గృహప్రవేశం, పలక ఇచ్చి తీరాలి. ఈశ్వర్ నీళ్లు లేకుండానే మిషన్ పట్టాడు. షెడ్డంతా తెల్లటి పొగ. చెక్కడం అయిపోయాక అక్షరాలన్నీ పిండితో నిండిపోయి ఉన్నాయి. అతను ఒంగి, బుగ్గలు నింపుకుని, ఉఫ్ అని ఊదాడు. రేకుల సందులోంచి పడుతున్న ఎండలో ఆ దుమ్ము మెరుస్తూ లేచింది, కింద పేరు బయటపడింది. తెల్లబడ్డ కనురెప్పలతో ఈశ్వర్ తలెత్తి నవ్వాడు. దేవిక అదంతా తీసి పేజీలో పెట్టింది. తెల్లారేసరికి ఫోన్ ఆగకుండా మోగుతోంది.

అంతే, ఆ సీసా మళ్లీ వేలాడలేదు.

అదే నెలలో వాళ్ల కాలేజీకి హైదరాబాద్ నుంచి కోటు వేసుకుని ఒకాయన వచ్చి, చదువుకుంటూనే వ్యాపారం ఎలా చేయాలో ఉపన్యాసమిచ్చాడట. మనిషి ముఖమే దుకాణమనీ, జనం ముందు మనిషిని కొంటారు, తరువాతే సరుకును కొంటారనీ చెప్పాడట. ఆ మాట ఈశ్వర్‌కు మంత్రంలా పట్టింది. నేను ఊరుకోలేదు. ఆరేసిన నా జాకెట్ గుడ్డలన్నీ తెల్లబడుతుంటే ఎలా ఊరుకుంటాను?

"ముక్కుకు గుడ్డన్న కట్టుకోరాదుర," అన్నాను.

"మొఖం కనవడకుంటె నేనెవరో ఎట్ల తెలుస్తదక్కా? మొఖమే బ్రాండు."

"బ్రాండో బొందో. నా గిరాకీ పోతున్నది ఈడ."

"ఫికర్ జెయ్యకు అక్కా. నీ దుకాణానికి గూడ ఒక పలక చెక్కి ఇస్త. నేను ఊదుతుంటె నీ పేరు తెలంగాణ అంత జూస్తది," అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే తిట్టబుద్ధి అయ్యేది కాదు.

రెండో సంవత్సరం అంతా అలా గడిచింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి చెక్కుడు. వికారాబాద్ నుంచి, మోమిన్‌పేట్ నుంచి, ఇంకా దూరం నుంచి జనం పేర్లు పంపేవాళ్లు. అందరిదీ ఒకటే కోరిక: మా పేరు మీద కూడా ఊది వీడియో పెట్టాలి. పలక చేతికందినా వీడియో రాకపోతే గొడవ పెట్టుకునేవాళ్లు. తమ ఇంటి పేరును ఒకడు ఊపిరి పెట్టి ఊదితే చూసుకోవడంలో ఏం సంబరమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గుండె గుర్తులు నొక్కడానికి ఏం పోయింది, వేలేగా!

దగ్గు మూడో సంవత్సరంలో మొదలైంది. దసరాకు వచ్చిన బీరన్న వాకిట్లో కూర్చుని, షెడ్డులోంచి వచ్చే దగ్గును కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. తరువాత లేచి లోపలికి వెళ్లాడు. నేను గోడ ఇవతలే ఉన్నాను.

"మందల గొర్రె గిట్ల దగ్గితె నేను దాన్ని ఏరు జేసి కట్టేస్త. ఆ పని జర ఆపు కొడుకా."

"సలికి వట్టింది నాయినా. నువ్వు పరేషాన్ గాకు. పేరొచ్చే టైముల ఆపుతరా ఎవరన్న?"

బీరన్న మాట పెంచే మనిషి కాదు. కొడుకు తల మీద చెయ్యి పెట్టి, చేతికంటిన తెల్లపిండిని పంచెకు తుడుచుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు.

దగ్గు తగ్గకపోతే హన్మమ్మే బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన పేరెందుకు గానీ, మంచివాడే. అందరినీ అడిగినట్టే ఏం పని చేస్తావని అడిగాడు.

"డిగ్రీ ఫైనలియర్ సార్," అన్నాడు ఈశ్వర్.

అబద్ధం కాదు. అతనికి ఆ చెక్కుడు కూడా ఒక పని అని తోచనే లేదు. పని అంటే వాళ్లమ్మ మిల్లులో చేసేది, వాళ్ల నాన్న మంద వెనక చేసేది. తనది పేజీ, తనది బ్రాండు. హన్మమ్మ కూడా పక్కనే ఉండి, అవును సారూ, చదువుకుంటుండు అని గర్వంగా చెప్పింది. ఎక్స్‌రేలో మచ్చలున్నాయి, బరువు తగ్గాడు, రాత్రిళ్లు జ్వరం. చదువుకునే పిల్లవాడికి ఇంకేం వస్తుందని డాక్టరు టీబీ మందులు రాశాడు. ఈశ్వర్ వాటిని ఒక్క పూట మానకుండా మింగాడు. మింగుతూనే చెక్కాడు, చెక్కుతూనే ఊదాడు.

నెలలు గడిచాయి. ఊదడానికి ముందు ఆగి ఊపిరి కూడదీసుకోవలసి వచ్చేది. దేవిక ఆ ఆగడాన్ని కత్తిరించి వీడియో పెట్టేది, పెట్టాక ఫోన్‌లో జాగా లేక తీసినదాన్ని తుడిచేసేది. పరీక్షల రోజు కాలేజీ మెట్లెక్కలేక సగంలో కూర్చుండిపోతే స్నేహితులు మోసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టారట. అప్పుడు భయం పట్టుకుంది అందరికీ. వికారాబాద్ తీసుకుపోయి, అనంతగిరి గుట్ట మీది ఛాతీ దవాఖానలో చూపించారు. తోడుగా దేవికా నేనూ వెళ్లాం.

అక్కడ కూడా స్టూడెంటుననే చెప్పాడు. డాక్టరమ్మ పాత మందుల చీటీలు తిరగేస్తుంటే, బీపీ చూడ్డానికొచ్చిన నర్సు అతని ముఖంలోకి చూసి ఆగిపోయింది.

"నువ్వు బండ ఈశ్వర్‌వు గదా? అయ్యో, గింత బక్కగైనవేంది? మా ఇంటి ముంగట బోర్డు నువ్వు చెక్కిందే!"

ఈశ్వర్ ముఖం వెలిగింది. అంత జబ్బులోనూ. నర్సు సంబరపడుతూ తన ఫోన్ తీసి ఆ వీడియో డాక్టరమ్మకు చూపించింది. మిషన్, తెల్ల పొగ, ఒంగడం, ఊదడం. ఊదిన వెంటనే నోరు తెరిచి నవ్వడం, లేచిన దుమ్మంతా ఆ నోటి ముందే ఉండడం. డాక్టరమ్మ దాన్ని మళ్లీ చూసింది.

"ఇట్లాంటివి ఎన్ని చేసినవ్?"

"రోజూ మేడమ్."

ఆమె ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుంది. టీబీ కాదంది. రాతి దుమ్ము అంది. ఊపిరితిత్తుల్లో పేరుకుని అక్కడి కండను గట్టిపరిచిందట. ఎట్లా తీయాలని హన్మమ్మ అడిగింది. తీసే మందు లేదని ఆమె మెల్లగా చెప్పింది. తరువాత ఆ వీడియో ఎవరు తీశారని అడిగి, దేవికకు కూడా అప్పటికప్పుడు ఎక్స్‌రే తీయించింది. దేవుడి దయ, ఆ పిల్లకు ఏమీ లేదు. దిగివచ్చేటప్పుడు బస్సులో నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

మంచం పక్కకు ఆక్సిజన్ మిషన్ వచ్చింది. అది వచ్చిన వారానికే ఈశ్వర్ ముక్కు గొట్టంతోనే దేవిక చేత ఒక వీడియో తీయించాడు. నీళ్లు లేకుండా రాయి కోయొద్దు, ఊదొద్దు, నన్ను చూడండి అని ఆగి ఆగి చెప్పాడు. దాన్ని చూసినవాళ్లు లేరు. ఆ ఫోన్ ఏం లెక్కన చూపిస్తుందో గానీ, జనానికి ఆ పాత ఉఫ్‌నే మళ్లీ మళ్లీ చూపించింది. కొడంగల్‌లో ఒకడు, కోట్‌పల్లిలో ఒకడు, కర్ణాటక వైపు ఇంకొకడు అలాగే పొడి రాయి చెక్కి ఊదుతూ పేజీలు తెరిచారు. ఈశ్వర్ మంచంలో పడుకుని ఒక్కొక్కడికీ వద్దు తమ్మీ అని రాశాడు. వాళ్లు దండం బొమ్మలు పెట్టి, 'అన్నా, నువ్వు ఏ బ్లేడు వాడుతవ్?' అని అడిగారు.

ఆ రోజు పేజీ మొత్తం తీసేస్తానన్నాడు.

దేవిక ఒప్పుకోలేదు. "నీదొక్కటి తీసేస్తె ఆగుతదా అన్నా? కాపీలు మస్తుగున్నయ్."

"ఉండనీ. నా చేతుల ఉన్నదైతె నేను తీస్త."

"గింత పేరు ఉత్తగనే ఒచ్చిందా?"

"నా పేరు జూసే గా పోరలు ఊదుతున్నరు దేవికా."

హన్మమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటోంది. ఆమెకు ఫోన్ సంగతులు తెలియవు. ఒక్కటే తెలిసింది.

"నువ్వు నవ్వేది గా పేజీలనే ఉన్నదంట గదరా," అంది. "రేపు నేనేం జూసుకోవాలె?"

ఆ మాటకు ఈశ్వర్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అయినా తీసేశాడు. నెల లోపల మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చని ఆ ఫోన్ చెప్పిందట. ఆ నెలంతా దేవిక అడిగింది, బీరన్న మందను బావమరిదికి అప్పగించి వచ్చి కూర్చుని అతనూ అడిగాడు. హన్మమ్మ అడగలేదు, కొడుకు ముఖం వంక చూస్తూ ఉండేది. ఈశ్వర్ తల అడ్డంగా ఊపాడు. నెల దాటిపోయింది. ఆ తరువాత ఎక్కువ రోజులు బతకలేదు. డిగ్రీ పాసయ్యాడని కబురు వచ్చేసరికి అతను లేడు.

కర్మకాండలు అయ్యాక ఒక సాయంత్రం హన్మమ్మ మిల్లు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే కూతురి పక్కన కూర్చుంది. ఎట్లన్న చేసి అన్నను ఒక్కసారి చూపించమంది. దేవిక వెతికింది. దొరక్కేం, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి పేజీలో దొరికింది. కింద ఈశ్వర్ పేరు లేదు, ఏదో పాట తగిలించి ఉంది. హన్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. కొడుకు ఒంగాడు, ఊదాడు, నవ్వాడు. అది ఆగకుండా మళ్లీ మొదటి నుంచి తిరుగుతూనే ఉంది. నేను చూడలేక బయటికి వెళ్లబోయాను.

"కింద ఏమో రాసిండ్రు. ఏందది?" అని అడిగింది హన్మమ్మ.

దేవిక చదవలేక చదవలేక చదివింది. "సూపర్ అన్నా, ఇంకోటి పెట్టు."

హన్మమ్మ తెర వైపే చూస్తూ ఉంది.

"లేడని రాయి బిడ్డా."

దేవిక రాసింది. ఈయన మా అన్న, ఈ దుమ్ముతోనే పోయిండు, ఎవరూ గిట్ల ఊదకుండ్రి అని. పొద్దుటికల్లా ఆ పేజీవాడు ఆ రాతను తీసేశాడు. దేవిక మళ్లీ రాసింది. మళ్లీ తీసేశాడు. ఇప్పుడు హన్మమ్మ మిల్లు నుంచి రాగానే గడపలో నిలబడి అడిగే మాట ఒకటే, గోడ ఇవతలికి నాకు రోజూ వినిపిస్తుంది.

"ఉన్నదా బిడ్డా?"

"తీసేసిండ్రమ్మా."

"మల్ల రాయి."