బిగుసుకున్న బోల్టు

నా చిన్నప్పుడు, బోల్టు మీది మరలను ఎవరో ఓపిగ్గా కత్తితో చెక్కుతారని అనుకునేదాన్ని. ఆ భ్రమ పోగొట్టింది మా పక్కింటి అక్క. రాయపూర్ రైల్వే క్వార్టర్స్‌లో మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. అక్క ఒక చిన్న బోల్టుల కార్ఖానాలో తనిఖీ పని చేసేది. ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. అమ్మ ఊరెళ్లిన ఒక వేసవి రోజున, నాన్న డ్యూటీకి పోతూ నన్ను అక్కకు అప్పగిస్తే, తను వెంట తీసుకెళ్లింది.

లోపలంతా నూనె వాసన. చుట్టలుగా ఉన్న ఇనుప తీగ యంత్రంలోకి పాకుతూ పోయి, ముక్కలై, ఒక్క దెబ్బకు తల మొలిపించుకుని బయటపడేది. ఆ నున్నటి ముక్కలు గాట్లున్న రెండు పలకల మధ్య ఒకసారి దొర్లేవి. అంతే, ఒంటినిండా మరలు! పిసరంత రజను కూడా రాలేది కాదు. రేకుల సందుల్లోంచి పడే ఎండలో అవి తళతళా జారుతుంటే చేపపిల్లల గుంపును చూస్తున్నట్టు మైమరచిపోయాను.

"కొయ్యరే. నొక్కి దొర్లిస్తారు, అందుకే అంత గట్టి," అంది అక్క.

నా పోరు పడలేక ఒక ఉక్కు రింగు నా చేతికిచ్చింది. బోల్టు వేళ్లతో తిప్పితే అందులోకి సాఫీగా దిగాలి. బిగుసుకుంటే నట్టులోనూ సరిగా కూర్చోదు, పక్కన పెట్టెయ్యాలి. అలా తిప్పుతుండగా ఒకటి బిగుసుకుంది. నా కళ్లు ఆ మెరుపుల మీదే ఉన్నాయి. దాన్ని ఊడలాగి, ఏ ఆలోచనా లేకుండా అక్క చూసి వేసిన మంచివాటి బస్తాలో పడేశాను.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచినప్పుడు అక్క మామూలుగానే అంది, "ఇవి శంకర్ నగర్ పార్కులో పిల్లల ఝూలాలకి ఎల్తాయంట."

ఆ ఉయ్యాల ఎక్కబోయే పిల్లలు నా కళ్ల ముందు మెదిలారు. కలిపిన ముద్దను తిరిగి డబ్బాలోనే పెట్టేశాను.

"ఏటే, అన్నం తినవేటి?"

ఏడుస్తూ జరిగింది చెప్పేశాను.

"ఏడకు. చెప్పేసినావు కదా, బస్, అది చాలు. ఫిర్ సే, మళ్లీ మొదట్నించి చూసేద్దాం."

బస్తా మొత్తం గోనెపట్టా మీద కుమ్మరించింది. ఇద్దరం ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంటే సాయంత్రమైంది, మా బస్సు వెళ్లిపోయింది. చివరికి బిగుసుకున్నవి మూడు దొరికాయి. నేను పడేసింది ఒక్కటే. అక్క వాటిని అరచేతిలో పెట్టుకుని, ఒక్కొక్కటీ మళ్లీ రింగులో తిప్పి చూసింది.

"వీటిలో రెండు నా గలతీలే," అంది మెల్లగా. "నువ్వు చెప్పకపోతే ఎల్లిపోయేవి."

ఇప్పుడు నేనో ఆస్పత్రిలో సీనియర్ నర్సును. తప్పు చేశామని చెప్పుకోవడానికి కొత్త అమ్మాయిలు భయంభయంగా నా దగ్గరికి వస్తారు. తిట్టకుండా, పక్కన కూర్చుని, మళ్లీ మొదటి నుంచి చూద్దామంటాను. అక్కకున్నంత ఓపిక నాకు అన్నిసార్లూ ఉండదు. తెచ్చుకుంటాను.