నైరుతి మూల ట్యాంకు

విజయవాడ వన్ టౌన్‌లో బ్యాటరీలు, ఇన్వర్టర్లు అమ్మే దుకాణంలో పదిహేనేళ్ళకు పైగా కరెంటు లెక్కలు కట్టాను. ఒకేసారి ఏమేం వేస్తారో చూస్తే ఎంత ఇన్వర్టరు కావాలో తేలుతుంది. రోజు మొత్తంలో ఎంతసేపు వాడతారో చూస్తే ఎన్ని సోలార్ ప్యానెళ్ళు కావాలో తేలుతుంది. ముసురు పట్టే రోజుల కోసం మరికొంత కలుపుకోవాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, ఓపిక ఉండాలి. ఆ ఓపిక నాకుండేది. కానీ ఆ దుకాణంలో నాకు లెక్క తప్పినవాడన్న పేరే మిగిలిపోయింది.

తొంభైల చివర్లో కూచిపూడి దగ్గర ఒక డాక్టరు గారి కాన్పుల ఆసుపత్రికి సోలార్ పెట్టాలని పిలుపు వచ్చింది. కరెంటు పోతే కాన్పు గదిలో ఆయాలు పెట్రోమాక్సు పట్టుకుని నిలబడేవారట. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే తిరిగాను. లైట్లు, ఫ్యాన్లు, మందుల ఫ్రిజ్ అన్నీ రాసుకున్నాను. ఫ్రిజ్ మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువగా లాగే కరెంటును విడిగా లెక్కవేశాను. డాబా మీద నీడ ఎంతవరకు వస్తోందో సుద్దముక్కతో గీసి చూసుకున్నాను. నీళ్ళ ట్యాంకు ఈశాన్యం మూల ఉంది. ఎండ దక్షిణం వైపు నుంచి పడుతుంది కనుక దాని నీడ ప్యానెళ్ళ జోలికి రాదు. ఎనిమిది ప్యానెళ్ళు చాలన్నాను. అంతసేపట్లో ఒక్కరూ కూర్చోమని కుర్చీ వేయలేదు. అదీ నాకు గుర్తుంది.

వేసవిలో బిగించాం. వర్షాకాలంలో కూడా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. కార్తీకంలో డాక్టరు గారు ఫోను చేశారు. చీకటి పడగానే ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోతోందట.

వెళ్ళి చూస్తే ఈశాన్యం మూల ఖాళీగా ఉంది. నైరుతి మూల నాలుగు స్తంభాల మీద కొత్త సిమెంటు ట్యాంకు లేచింది. మధ్యాహ్నం దాటేసరికి దాని నీడ ప్యానెళ్ళ మీదికి పాకుతోంది. ప్యానెళ్ళను జతలుగా కలుపుతాం. ఒకదాని మీద నీడ పడితే రెండోది కూడా దండగే.

"ఈ ట్యాంకు ఎప్పుడు కట్టారండీ?" అని అడిగాను.

"మొన్న దసరాకి. ఈశాన్యంలో బరువుండకూడదన్నాడు వాస్తు ఆయన. నైరుతి ఎత్తుగా ఉండాలంట. మార్చాక చూడండి, పేషెంట్లు కూడా పెరిగారు," అన్నారు డాక్టరు గారు.

"పేషెంట్ల సంగతి నాకు తెలీదు గానీ, ప్యానెళ్ళకి ఎండ తగ్గిందండీ."

"ఊరంతా ఎండ కాస్తుంటే నీ ప్యానెళ్ళకి మాత్రం లేదంటావేంటయ్యా? నీ లెక్కే ఎక్కడో తేడా కొట్టింది."

పక్కన కాంపౌండరు కిసుక్కున నవ్వాడు.

మా ఓనరు గారికి చెప్పాను. ఆయన స్వయంగా వచ్చి, డాబా ఎక్కి, నీడను కళ్ళారా చూశారు. చూసి మెట్లు దిగి, డాక్టరు గారి ఎదుట, కాంపౌండరు ఎదుట, వరండాలో కూర్చున్న బాలింతల చుట్టాలందరి ఎదుట, "మావాడు లెక్క తప్పాడండీ. ఏమనుకోకండి, ఇంకో జత మా ఖర్చుతో వేసేస్తాం," అన్నారు.

తిరుగు బస్సులో అడిగాను. "మీరు చూశారు కదండీ, నీడ వల్లేనని."

"చూశాన్లేవయ్యా. ఆయన ట్యాంకు పడగొట్టుకుంటాడా? నువ్వు తప్పయిందంటే పోయేదేవుంది?"

"నా పేరు పోతుందండీ."

"నీ పేరు ఎవడికి తెలుసయ్యా!" అని కిటికీ వైపు తిరిగి కునుకు తీశారు.

పేరు ఆ తర్వాత అందరికీ తెలిసింది. నేను ఏ ఇంటికి లెక్క కట్టినా, "దీనిమీద మేష్టారి జత కూడా వేయండ్రా," అనేవారు ఓనరు గారు. మేష్టారంటే నేను, లెక్కల మేష్టారని వెటకారం. మేష్టారి జత అంటే నా లెక్క తప్పుతుందేమోనని అదనంగా వేసే రెండు ప్యానెళ్ళు. గన్నవరం నుంచి వచ్చే కొనుగోలుదార్లు కూడా, "మేష్టారి జతతో కలిపి ఎంతండీ?" అని అడిగేవారు. నేను దుకాణం మానేసిన రోజు కూడా ఆ జోకు వేసి నవ్వారు.

కొన్నేళ్ళకు మా పాత మెకానిక్కు కనిపించి, డాక్టరు గారి సిమెంటు ట్యాంకు బీటలు వారిందనీ, పోయినేడు పగలగొట్టించారనీ చెప్పాడు. మర్నాడే బస్సెక్కాను.

డాక్టరు గారి జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. "సోలారా? ఇప్పుడు బ్రహ్మాండంగా ఉందండీ! చీకటి పడ్డాక ఆగడమన్న మాటే లేదు. మీ ఓనరు గారు ఆ జత వేయబట్టి గానీ..." అన్నారు.

కాంపౌండరును వెంటబెట్టుకుని డాబా ఎక్కాను. నైరుతి మూల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు స్తంభాలు లేకుండా డాబా మీదే కూర్చుంది. దాని నీడ ప్యానెళ్ళ దాకా రావడం లేదు. మేష్టారి జత నుంచి వచ్చే వైరు తెగి గాలికి ఊగుతోంది. కొసన రాగికి చిలుము పట్టింది. ట్యాంకు పగలగొట్టేటప్పుడు కూలీలు తెంపేసి ఉంటారు. అంటే అప్పటి నుంచీ ఆసుపత్రి నడుస్తున్నది నేను చెప్పిన ఎనిమిదింటితోనే.

కిందికి దిగి, "డాక్టరు గారూ, ఒక్కసారి పైకొచ్చి చూడండి," అన్నాను.

"మోకాళ్ళండీ, డాబా ఎక్కి ఏళ్ళయింది. పనిచేస్తోంది కదా?"

"చేస్తోందండీ. ఆ జత లేకుండానే చేస్తోంది. దాని వైరు తెగిపోయి ఉంది."

"అయ్యో, తెగిందా? అయితే కలిపేసి వెళ్ళండి, పుణ్యముంటుంది," అని తర్వాతి పేషెంటును పిలిచారు.

మళ్ళీ పైకి వెళ్ళాను. సంచిలో కటింగ్ ప్లేయరు ఉంది. క్షణాల మీద అయ్యే పని. వైరు కొస పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

"ఏం సార్, కలపడం రాదా?" అన్నాడు కాంపౌండరు.

వచ్చన్నాను. కొసను గాలికే వదిలేసి బస్టాపుకు నడిచాను.