పహిల్వాన్ భయ్యా పొట్ట

"ఆ పొట్టని ముంచింది నువ్వా, నేనా? నిజం సెప్పీయే."

"మీరేనండి. నాదేటుంది?"

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలివే. ఆసుపత్రి మంచం మీద ఆయన హాయిగా కళ్లు మూసుకున్నారు. నేను అబద్ధమాడాను. సువార్త చెప్పేవాడి పెళ్లాన్ని, ఆఖరి ఘడియలో అబద్ధం! (రాయమ్మా, అలాగే రాయి. దాచేదేముంది?)

ఆ రోజుల్లో మాకు విజయనగరం దాటితే అంతా పరదేశమే. సువార్త పని మీద భిలాయిలో రైలు దిగేసరికి నాకు హిందీలో వచ్చినవి రెండే మాటలు, పానీ, నహీ. మూడేళ్లయినా వాటికి పెద్దగా తోడు చేరలేదు. ఆ వేసవిలో మా బస్తీ కుళాయి ఒకరోజు వస్తే రెండు రోజులు రాకపోవడంతో, ఆ రెండు మాటలతోనే సంసారం గడిచిపోయింది. సెక్టర్ 7 నుంచి ఆదివారం ప్రార్థనకొచ్చే మన తెలుగువాళ్లు కూడా ఎవరి నీళ్ల సీసా వాళ్లు చంకన పెట్టుకుని వచ్చేవారు.

వాళ్లంతా ఊళ్లోనే బాప్తిస్మం తీసుకుని వచ్చినవాళ్లు. ఇక్కడ మా ఆయన చేతుల మీద మూడేళ్లలో ఒక్కటీ కాలేదు. మమ్మల్ని పంపిన పెద్దయ్యగారు రెండు వారాల్లో ఆదివారం నాడు వస్తున్నానని, ఈసారీ ఎవరూ లేకపోతే మూట సర్దుకుని తనతో వచ్చేయమని కబురు పెట్టారు. ఊళ్లో మా తోటికోడలు నవ్వే నవ్వు నాకప్పుడే వినిపించింది. వెళ్లనంటే వెళ్లనని ఒట్టు పెట్టుకున్నాను. అదృష్టం కొద్దీ హథ్‌ఖోజ్‌లో వెల్డింగు చేసే పహిల్వాన్ భయ్యా బాప్తిస్మానికి సరేనన్నాడు. మంచి మనిషి, వెడల్పు మాత్రం మా గుమ్మమంత. మా పద్ధతిలో నీళ్లు చిలకరిస్తే చెల్లదు, మనిషి నిండా మునగాలి. అందుకని పెరట్లో నేలలోకి కట్టిన సిమెంటు తొట్టి ఉండేది. పది రోజులు బిందె బిందె మోసి దాన్ని ఛాతీలోతు నింపాను. స్నానాలు మానేశాం. అంట్లు బూడిదతో తుడిచి బోర్లించాను. తొట్టి మీద రేకు కప్పి, దాని మీదే కూర్చుని కూరలు తరిగేదాన్ని.

శనివారం మా ఆయన కుమ్హారిలో ప్రార్థనకి వెళ్లారు. పక్కింటావిడ బకెట్టుతో వచ్చింది. "దీదీ, బహూ కో బచ్చా హువా హై. ఏక్ బాల్టీ పానీ దే దో."

"నహీ" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది, నేనూ నాలుగు తిట్టి తొట్టి కాపాడుకునేదాన్ని. ఖాళీ బకెట్టుతో తిరిగి వెళ్తుంటే, వాళ్ల కోడలు ప్రసవించి ఇంట్లో పురిటి బిడ్డ ఉందన్నది గుర్తొచ్చి ఆ వీపు చూడలేక రేకు తీశాను. ఆ రేకు చప్పుడు బస్తీ అంతా వినిపించింది కాబోలు. సాయంత్రానికి మోకాలిలోతు మిగిలింది.

మా ఆయన వచ్చి చూసి తల పట్టుకున్నారు. "ఏటే, దేవుడి నీళ్లు ఇచ్చీసినావా?"

"బాలింతకి మరెవరి నీళ్లు ఇవ్వాలండి? రేపు పడుకోబెట్టి ముంచండి!"

అలాగే ముంచాం. పెద్దయ్యగారు తొట్టి పక్కనే కుర్చీ వేసుకున్నారు. పహిల్వాన్ భయ్యా వెల్లకిలా పడుకున్నాడు. తల మునిగింది, కాళ్లు మునిగాయి, పొట్ట మాత్రం గోదారి లంకలా పైకి తేలింది. మా ఆయన పొట్ట నొక్కితే కాళ్లు లేస్తాయి, కాళ్లు నొక్కితే తల లేస్తుంది.

"నిండా ములగనేదయ్యా" అన్నారు పెద్దయ్యగారు.

గోడ మీంచి చూస్తున్న పక్కింటావిడ పరుగున వెళ్లి, మిగిలిన అర బకెట్టు తెచ్చి గుమ్మరించింది. ఆవిడ వెనకే మిగతావాళ్లు చెంబులతో, గిన్నెలతో వచ్చారు. (ఒకావిడ బియ్యం కడిగిన నీళ్లు కూడా పోసేసింది.) అయినా ఇంకా జానెడు పొట్ట బయటే ఉంది. ఆడది చెయ్యి వేయకూడదని నాకు తెలుసు. కొంగు దోపి తొట్టిలోకి దిగి రెండు చేతులూ వేసి ఒక్క తోపు తోశాను.

నీళ్లు ఎగిరి పెద్దయ్యగారి కళ్లజోడు నిండా పడ్డాయి. పహిల్వాన్ భయ్యా లేచి ఉమ్మి, "హో గయా?" అన్నాడు, అయిపోయిందా అని.

"హో గయా!" అని బస్తీ ఆడవాళ్లంతా అరిచారు.

పెద్దయ్యగారు కళ్లజోడు తుడుచుకుని, "ములిగేడు" అన్నారు. మేం ఉండిపోయాం.

ఆ తరవాత మా ఆయన ఎందరినో ముంచారు. అయినా నా చెయ్యి పడింది గనక ఆ మొదటిది చెల్లిందో లేదోనని జన్మంతా నలిగిపోయారు. మొన్న ఆయన శవపెట్టెని ముందువైపు మోసింది పహిల్వాన్ భయ్యే. పొట్ట ఇంకాస్త పెరిగింది. అది చూడగానే ఏడుపు మధ్యలో, ఆ రోజు తడి చేతులతో బెదిరిపోయి నిలబడ్డ పడుచు పెళ్లాం, అంటే నేనే, గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

ఏమ్మా మేనకోడలా, ముంచింది నేనే అని రాసినావా? నీ తెలుగు మీద నాకు నమ్మకం నేదు గానీ, ఏదీ, మొదట్నుంచీ ఓపాలి సదివి వినిపించు.