గేటు తట్టి నిలబడిన మనిషి

దయ్యాలను నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నాకు భయం వేయదు, చిరాకు వేస్తుంది. మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. జగ్దల్‌పూర్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. ప్రతి చప్పుడుకూ ఒక కారణం ఉంటుందని, అది దొరకలేదంటే మనం సరిగా వెతకలేదని పిల్లలకు రోజూ చెబుతాను. కనుక ఇది ఎవరినీ నమ్మించడానికి రాస్తున్నది కాదు. నేను ఎంత వెతికానో చెప్పడానికి మాత్రమే.

మా ఊరు సరిహద్దు అవతలి అడవుల్లో, కుంట బ్లాకులో, కిష్టారానికి దగ్గర. ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లి, రేషను దుకాణంలో హిందీ. నా చిన్నతనంలో పొద్దుగూకాక ఎవరు వచ్చి పిలిచినా మా వైపు తడిక తీసేవారు కాదు. వచ్చినవారు అడవిలో అన్నలు కావచ్చు, పోలీసులు కావచ్చు. సొంతవాళ్ళు కూడా పేరు పెట్టి పిలవడానికి జంకేవారు, ఆ పేరు ఇంకెవరి చెవిన పడుతుందోనని. అందుకని మా ఇంట్లో ఒక గుర్తు పెట్టుకున్నారు. మా నాయన పొలం నుంచి వచ్చి కంచె గుంజ మీద కొడవలి పిడితో తట్టేవాడు. వెంటవెంటనే రెండు, కాస్త ఆగి ఒకటి. లోపలి నుంచి అమ్మ గరిటెతో అన్నం కుండ అంచు మీద ఒక్క దెబ్బ కొట్టేది. ఇంట్లో మనవాళ్ళు తప్ప ఎవరూ లేరు, రావచ్చు అని దాని అర్థం. ఆ బదులు వినబడేదాకా నాయన వాన కురుస్తున్నా బయటే నిలబడేవాడు.

తాటిచెట్టు మీద నుంచి పడి మణికట్టు విరిగాక ఆయన మూడో దెబ్బ తిన్నగా పడేది కాదు. పిడి జారి గుంజను గీసుకుంటూ పోయేది. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి.

తరువాత రోడ్డు వచ్చింది, టవరు వచ్చింది, భయం చాలావరకు తగ్గింది. అమ్మా నాయనా మాత్రం ఆ అలవాటు మానలేదు.

నాకు ఉద్యోగం దొరికాక ఒక్కసారి జగ్దల్‌పూర్ వచ్చి నా గది చూసి వెళ్ళమని నాయనను ఎంతగానో బతిమాలాను. ప్రతిసారీ ఒకటే జవాబు. "బస్సెక్కితె కక్కుడైతది బిడ్డా. నేనొస్తె ఎడ్లకు నీళ్ళెవరు పెడతరు?" తమ్ముడు పెడతాడంటే, వాడు పెడితే ఎడ్లు తాగవనేవాడు. ఆయనతో వాదించి గెలిచినవారు లేరు.

మొన్నటి వానలకు ముందు కామెర్లు ముదిరి, భద్రాచలం వైపు ఒక ఆసుపత్రిలో నాయన పోయాడు. ఊరి బయట ప్రాణం పోయిన మనిషిని మా వైపు ఇంటికి తీసుకురారు. బండి నేరుగా వల్లకాటికి పోవలసిందే. అమ్మ బండికి అడ్డం నిలబడింది. తడిక ముందు ఒక్క నిమిషం ఆపమంది, ఆయన చేతితో గుంజ తట్టించి తీసుకుపొమ్మంది. పెద్దలు ఒప్పుకోలేదు. బండి మా ఇంటిని దాటి వెళ్ళిపోయింది.

పదకొండో రోజు కాగానే అమ్మ తడిక దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నం ముద్ద రెండు సార్లు నోట పెట్టుకుని లేచేది. పడక కూడా అరుగు మీదికి మార్చింది. వానలు పట్టాయి. అయినా లోపలికి రాలేదు.

సెలవు పెట్టి వెళ్ళి అడిగాను.

"తడుతుండు బిడ్డా," అంది.

"తడితే బదులియ్యి మరి."

"ఇస్తె లోపలికొస్తడు గదా. ఇంట్ల పసిపిల్ల ఉంది." పసిపిల్ల అంటే మా తమ్ముడి కూతురు, అప్పటికి ఇంకా పాకడం కూడా రాదు.

"అయితే ఇయ్యకు. ఊరుకో."

"ఊరుకుంటె వానల నిలబడతడు గదా!"

ఇక్కడితో ఆగేది కాదు. మళ్ళీ మొదటికి వచ్చేది. రోజంతా ఇదే మాట తిరిగి తిరిగి నడిచేది. చదువుకున్నదానిని కనుక నేను సర్దిచెబుతానని తమ్ముడు అరుగు చివర నిలబడి నా మొహం చూసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. తండ్రి పోయినందుకు నేనూ ఏడవాలని వచ్చాను. ఏడవడానికి తీరిక లేకుండా చప్పుళ్ళ మీద విచారణ జరుపుతున్నాను.

విచారణ మాత్రం శ్రద్ధగానే చేశాను. గుంజను కదిపి చూశాను, గట్టిగా ఉంది. తడికలో వదులైన వెదురు బద్దలు తీసేశాను. వడ్రంగిపిట్ట ఉందేమోనని చెట్లన్నీ చూశాను. నాకు ఒక్క చప్పుడూ వినబడలేదు. ఆ మాట అమ్మతో అంటే, "నీకెందుకు వినబడతది? నువ్వు బదులిచ్చేదానివా ఏంది?" అంది.

మా మరదలికి భయం పట్టుకుంది. పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోతానంది. అమ్మకు జ్వరం తగిలింది, మనిషి సగమైంది. ఇలాగే వదిలేస్తే ఈమె కూడా దక్కదని నాకు అర్థమైంది. వద్దు వద్దంటున్నా వినకుండా బస్సెక్కించి జగ్దల్‌పూర్ తెచ్చుకున్నాను.

ఇక్కడ నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలిది విజయనగరం వైపు. భర్త కిరందుల్ గనిలో పనిచేసి రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆమెను నేను పిన్నిగారు అంటాను. ముందు వాటాలో ఆవిడ, వెనక రెండు గదుల్లో నేను. వీధి వైపు ఇనుప గేటు, పక్కన కాలింగ్ బెల్లు. ఆ బెల్లంటే పిన్నిగారికి ప్రాణం.

ఇక్కడికి వచ్చాక అమ్మ కాస్త తేరుకుంది. ఆవిడతో కలిసి టీవీ చూసేది. తిండి మాత్రం అంతంతమాత్రమే. ఒకరోజు నేను బడికి సెలవు పెట్టి డాక్టరుకు చూపించడానికి తీసుకువెళ్ళాను. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి పిన్నిగారు మెట్ల మీదే ఉన్నారు, కోపంగా.

"అమ్మాయ్, మీ వాళ్ళెవరో గానీ గేటు తడుతున్నారు. లేచి వెళ్తే ఎవరూ ఉండరు. ఇవాళ ఇది రెండోసారి. నా మోకాళ్ళు ఏమైపోవాలి? బెల్లున్నది ఎందుకూ, దండం పెట్టుకోడానికా?"

మా వాళ్ళని ఎందుకు అనుకున్నారని అడిగాను.

"మా ఇంటికొచ్చేవాళ్ళకి బెల్లు కొట్టడం తెలుసు కాబట్టి!" అన్నారు. తరువాత ఎలా తట్టారో చూపించడానికి చేతిలోని కళ్ళజోడు పెట్టెతో మెట్ల పక్క కమ్మీ మీద కొట్టారు. వెంటవెంటనే రెండు. కాస్త ఆగి ఒకటి. ఆ మూడోది కొట్టి, పెట్టెను కమ్మీ మీద కిందికి గీసుకుంటూ జార్చారు. "చివరిది ఇదిగో ఇలా. కొట్టడం చేతకానట్టు," అన్నారు.

నా చేతిలోని మందుల సంచి మెట్టు మీద పెట్టి అమ్మ వైపు చూశాను. ఆమె గేటు వైపు చూస్తోంది.

లోపలికి వెళ్ళాక నిలదీశాను. ఈ సంగతి పిన్నిగారికి ఎప్పుడైనా చెప్పావా? చెప్పలేదని మనవరాలి మీద ఒట్టు వేసింది. పిన్నిగారిని వేరుగా, వేరే మాటల్లో అడిగాను. ఆవిడకు మా నాయన మణికట్టు సంగతి కాదు కదా, ఆయన ఏ జబ్బుతో పోయాడో కూడా తెలియదు. గేటు తట్టిన సమయంలో అమ్మ నా పక్కన, డాక్టరు గది ముందు బెంచీ మీద ఉంది.

"ఇంత దూరం ఎట్లొచ్చిండు? బస్సంటె పడదు గదా," అని అమ్మ తనలో తాను అనుకుంటోంది.

నాకు ఎక్కడ లేని ఉక్రోషం వచ్చింది. బతికుండగా కాళ్ళావేళ్ళా పడినా రాని మనిషి! వచ్చి, కన్నకూతురి గేటు ముందు పరాయివాడిలా నిలబడతాడా? ఇదంతా పైకే అన్నాను. నమ్మకుండానే అన్నాను. అమ్మ నా వైపు తిరిగింది.

"ఈడ పసిపిల్ల లేదు గదా బిడ్డా," అంది.

తరువాతి ఆదివారం, పట్టపగలు. ముందు వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గేటు నాకు ఎదురుగానే ఉంది. పిన్నిగారు పూజగదిలో ఉన్నారు. వీధిలో ఎవరూ లేరు, గాలి లేదు. గేటు తట్టిన చప్పుడైంది. ఇనుము మీద కర్ర తగిలినట్టు రెండు. నేను తల ఎత్తాను. నేను చూస్తుండగానే మూడోది పడింది, జారి గీసుకుపోయింది. గేటు కదల్లేదు. అవతల ఎవరూ లేరు.

వెనక మా వంటింట్లో గరిటె ఒక్కసారి అన్నం గిన్నెను తాకింది.

ఆ తరువాత వినబడినది అమ్మ గొంతు. పీట జరిపిన శబ్దం, కంచం పెట్టిన శబ్దం, మధ్య మధ్య తిట్లు. "బిడ్డ పిలిస్తె రాలె. ఇప్పుడొచ్చినవ్. వానల నాని నాని ఏమైనవో చూసుకున్నవా? పచ్చిపులుసు లేదు, నీ బిడ్డకు చేసుడు రాదు. ఉన్నది తిను." నేను లేచి వెళ్ళలేదు. భయపడి కాదు. ఆ తిట్లు ఇద్దరి మధ్యవి.

కొంతసేపటికి వెళ్ళి చూశాను. పీట ముందు కంచంలో అన్నం పెట్టినది పెట్టినట్టే ఉంది. అమ్మ ఆ కంచమే దగ్గరికి లాక్కుని తింటోంది. మెతుకు వదలకుండా తిన్నది. నాయన పోయాక ఆమె కడుపు నిండా తినడం నేను చూడటం అదే మొదలు.

"ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని అడిగాను. నేనే అడిగాను.

"తిని పోయిండు. తిన్నంక కూసుండే మనిషేంది? ఎడ్లున్నయి గదా," అంది, చెయ్యి కడుక్కుంటూ.

కొద్దిరోజులకు అమ్మ ఊరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇంట్లోనే పడుకుంటోంది, పిల్లను పక్కలో వేసుకుని. గుంజ దగ్గర చప్పుడు లేదట. ఎండకు ఇనుము సాగుతుందని, కోతులు తిరుగుతాయని, మెదడు తనకు కావలసినది వింటుందని నాకు తెలుసు. ఒక్కో కారణాన్ని ఆ కళ్ళజోడు పెట్టె పక్కన పెట్టి చూశాను. ఏదీ సరిపోలేదు.

మొన్న అద్దె ఇవ్వడానికి వెళితే పిన్నిగారు అడిగారు, ఆ గేటు తట్టినవాళ్ళెవరో తెలిసిందా అని.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "తెలిసినవాళ్ళేనండి," అన్నాను.

"అయితే ఈసారి బెల్లు కొట్టమని చెప్పమ్మా!"

చెబుతానన్నాను.