గొట్టమా, పెట్టెనా

మా నాయనది ప్రొద్దుటూరులో పెళ్లి బ్యాండు. జమ్మలమడుగు, పులివెందుల దాకా పిలిచేవాళ్లు. బతుకంతా పెద్ద డ్రమ్ము పక్కన నిలబడి క్లారినెట్ ఊదాడు. ఆ పుణ్యమా అని చెవులు పోయాయి. తర్వాత ఆయాసం ఆయన్ను మంచానికి కట్టేసింది. ఆ రోజుల్లోనే మా అన్న మద్రాసు నుంచి ఒక పాత ఎలక్ట్రిక్ బేసు గిటారు తెచ్చుకున్నాడు. లావుపాటి తీగలు, అన్నీ మంద్రస్వరాలే, ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే తప్ప పలకదు. నాయన పోయేలోగా ఒక్కసారైనా దాన్ని ఆయనకు వినిపించాలని అన్న పట్టు.

అంగట్లో రెండు రకాల సెట్లున్నాయి. ఒకటి సభలకు కట్టే గొట్టం మైకు. ఇంకోటి నేల మీద పెట్టే పెద్ద స్పీకరు పెట్టె. ఏ సెట్టు మంచిదో తేల్చడానికి మా ఊళ్లో ఒకటే పద్ధతి. మిద్దె మీద మోగించి, ఒక మనిషిని సైకిలెక్కించి చాపాడు దారిలో పంపిస్తారు. ఎంత దూరం వినబడితే అంత గొప్పది. ఆ రోజూ నాయన బ్యాండువాళ్లు అదే చేశారు. పరీక్షకు ఊదింది మాత్రం క్లారినెట్. గిటారు తెచ్చి మోగించి చూద్దామని, సంగీతం మీద బతికే అంతమందిలో ఒక్కరికీ తోచలేదు. పెట్టె మోత వీధి చివరే ఆగింది. గొట్టం మోత ఊరు దాటింది.

"చెవిటాయనకు ఇంతకంటే ఏం కావల్లప్పా? గొట్టమే తీసుకో" అన్నారు బ్యాండువాళ్లు.

గొట్టాన్ని నాయన మంచం వైపు తిప్పి కట్టాం. అన్న తీగ మీటాడు. గరగరమని రేకు చప్పుడు తప్ప ఆ మంద్రస్వరం గొట్టంలోంచి రానే లేదు. నాయన అన్న వేళ్లనే చూస్తున్నాడు.

"ఏందిరా, వాయిస్తాండావా?"

అన్న తలూపాడు.

"శానా బాగుండాది" అన్నాడు నాయన.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ వారంలోనే ఆయన పోయాడు.

కొన్నాళ్లకు పులివెందులలో ఒక పెళ్లికి పోయాం. బెంగళూరు నుంచి వచ్చిన పాటకచేరీ వాళ్ల దగ్గర స్పీకరు పెట్టె ఉంది. అన్న వాళ్లను అడిగి తన గిటారు దానికి తగిలించాడు. మొదటి మీటుకే నేను కూర్చున్న నులకమంచం అదిరింది. ఆ అదురు అరికాళ్ల నుంచి గుండెల దాకా పాకింది. అన్న ఇంకో తీగ మీటలేదు. ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు.

"నాయనకు లేనివి చెవులే గదరా" అన్నాడు నాతో. "ఒళ్లు ఉండె గదా."