రాణికి సంతానం లేదన్నప్పుడు

మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు.

మెల్‌బోర్న్‌లో హిస్టరీ మాస్టర్స్ చేస్తున్న రోజులు. ఊరి శివార్లలోని వెర్రిబీలో ఒక పాత ఇంట్లో నేనూ, రూతూ అద్దెకుండేవాళ్లం. మాది వరంగల్. రూతుది భీమవరం, నర్సింగ్ చదివేది.

మర్నాడు యూనివర్సిటీలో నా ప్రజెంటేషన్. కాకతీయుల నాటి ఒక సామంతరాజు పట్టపురాణి గురించి. పేరు చెప్పను... ఇప్పటికీ నోట రాదు. రాజు యుద్ధానికి వెళ్తే కోటను కాపాడింది ఆమే. శత్రువులు నీటిదారి మూసేస్తే, వాన పడేదాకా జనాన్ని నిలబెట్టింది. అంత పేరున్న మనిషిని తర్వాత రాసినవాళ్లు ఒక్క మాటతో తీసిపారేశారు... గొడ్రాలు, ఆమెతోనే వంశం ఆగిపోయింది అని.

చలికాలం. సాయంత్రానికే చీకటి. రేకుల కప్పు మీద వాన... టపటపటప. ఇంట్లో నేనొక్కదాన్నే. వంటింట్లో నిలబడి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ముందు తెలుగులో చెప్పుకుంటున్నాను. తెలుగులో కుదిరితేనే నాకు ఇంగ్లిష్‌లో కుదిరేది.

"రాణికి సంతానం లేదు," అన్నాను.

గొంతెండింది. గ్లాసెత్తి నీళ్లు తాగుతున్నాను.

ఫ్రిజ్ మోత ఆగింది. వాన కూడా... ఆగిందో, నాకే వినబడలేదో.

"ఒక్కతే బిడ్డ ఉండె."

వెనక... నడవాలోంచి. కోపం లేదు. పాఠం తప్పు చదివిన పిల్లకు సరిదిద్దినట్టు... మెల్లగా.

"రూతూ, వచ్చినవా?"

లైటు వేశాను. నడవా ఖాళీ. అప్పుడు తట్టింది... రూతు 'బిడ్డ ఉండె' అనదు. అది మా వైపు మాట... బిడ్డంటే కూతురు.

కాసేపటికి రూతు తడిసి వచ్చింది. రికార్డింగ్ వినిపించాను.

"నీ గొంతేనే ఇది! ప్రాంక్ చేస్తున్నావా?"

"నేను అనలే రూతూ. ప్రామిస్."

మళ్లీ పెట్టమంది. ఈసారి ఫోన్ చెవికి ఆనించుకుంది.

"ఆగు... నువ్వు నీళ్లు తాగుతున్నావ్ కదే. గుటకలు వినపడుతున్నాయ్. మాటెలాగొచ్చిందే మరి?"

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది.

మర్నాడు క్లాసులో ఆ వాక్యం దాకా వచ్చాను... నాలుక తిరగలేదు. "ఒక కూతురు ఉండేది," అనేశాను. ప్రొఫెసర్ తలెత్తి చూశారు. ఆధారమేమిటని అడిగారు. ఏం చెప్పను? తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాను.

ఇంటికొచ్చి చెబితే రూతు నవ్వలేదు.

"పాప పేరేంటో అడగాల్సిందే," అంది.

ఆ సాయంత్రం రికార్డింగ్ పెట్టి, వంటింట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. "బిడ్డ పేరేంది?" అని అడిగాను. పైకే అడిగాను. వాన లేదు. చప్పుడు లేదు. చాలాసేపు చూశాను...

ఎవరూ పలకలేదు. రికార్డింగ్‌లోనూ నా ప్రశ్న ఒక్కటే ఉంది.

హమ్మయ్య అనుకోవాలి కదా? నాకు ఏడుపొచ్చింది. ఎందుకో... ఎవరి కోసమో... ఇప్పటికీ తెలియదు.