విచారణకు పిలుస్తారనుకున్న మా అన్న

మా అన్న గొడుగులు బాగుచేస్తాడు. మొండిఘటం. గొడుగు చేతికిచ్చి తెరిచి చూపిస్తే తప్ప ఏం పోయిందో చెప్పడు.

కొట్టు పేరు ‘చిన్నారి గొడుగులు’. చిన్నారి అన్న కూతురు, నా మేనకోడలు. ఆ పేరుతో వెబ్‌సైట్ పెట్టిందీ అదే. ఆరేళ్ల కిందట తండ్రితో మాటామాటా పెరిగి ఇల్లు వదిలిపోయింది. తర్వాత ఇల్లు, కొట్టు, ఫోన్ నంబర్లు అన్నీ మారాయి. వెబ్‌సైట్‌లో అవి మార్చడం మాకు చేతకాలేదు. అక్కడ ఎవరైనా రాసినవి మాత్రం ఈమెయిల్‌గా నా ఫోన్‌కి వచ్చేవి. ఏటా ఒకసారి చిన్నారి నుంచి ‘బాగున్నాను’ అని ఒక్క ముక్క. తిరిగి రాయడానికి అడ్రసుండదు. అన్న ఏడాదంతా ఆ ముక్క కోసమే బతికేవాడు.

ఒకరోజు వానకోట్ల కంపెనీ ఫిర్యాదు వచ్చింది. ‘చిన్నారి’ తమ ట్రేడ్‌మార్కట, వెబ్‌సైట్ పేరు తమకిచ్చెయ్యాలట. తగవు తీర్చేది ఎక్కడో పరదేశంలోని సంస్థ. ఇరవై రోజుల్లో జవాబు రాయమన్నారు.

“రాసేదేముంది? పిలుస్తారుగా, చూపిస్తాను,” అన్నాడు అన్న.

కొట్టు పెట్టిన ఏడాది రాసున్న పాత బోర్డు కడిగి గుడ్డలో చుట్టాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నాకైనా బుద్ధుండొద్దూ? మనిషిని పిలవకుండా తీర్పెలా చెప్తారులే అని నేనూ ఊరుకున్నాను.

ఎవరూ పిలవలేదు. అక్కడంతా కాగితాల మీదేనట. మేం జవాబివ్వలేదని రాసి, పేరు కంపెనీకిచ్చేశారు. ఇక అక్కడ రాసేవన్నీ వాళ్లకే పోతాయి. చేతులు కాలాక వకీలు దగ్గరికి పరిగెత్తాను. వాళ్ల ట్రేడ్‌మార్కు కంటే మా బోర్డు పదకొండేళ్లు పెద్దదట, ఒక్క ఫొటో పంపినా సరిపోయేదట. ఆయన ఆఫీసు మెట్ల మీదే కూర్చుని సిగ్గులేకుండా ఏడ్చాను. ముఖమైనా చూడకుండా తీర్పు చెప్పినవాళ్లను తిట్టాలా, రాయమని చెప్పినా వినని మమ్మల్ని మేం తిట్టుకోవాలా?

నాలుగు నెలల తర్వాత, ఏటా ఆ ముక్క వచ్చే రోజులు దాటిపోతుంటే, కంపెనీకి ఫోన్ చేశాను. వెబ్‌సైట్ చూసే అమ్మాయి మంచిదే, గుర్తు తెచ్చుకుని చెప్పింది.

“‘నాన్నా, కొట్టు దగ్గరికొచ్చాను, వేరే ఎవరో ఉన్నారు, ఎక్కడున్నావు’ అని ఉందండీ. నంబర్ కూడా రాశారు. పొరపాటున వచ్చిందనుకుని తీసేశాం.”

ఎంత బతిమాలినా ఆ నంబర్ తిరిగి దొరకలేదు.

అన్నకు చెప్పాను.

“వచ్చిందా?” అన్నాడు.

“వచ్చిందన్నయ్యా.”

మర్నాటి నుంచి తన పని మానేసి పాత కొట్టు ముందు మెట్టు మీద కూర్చుంటున్నాడు. అక్కడి దుకాణదారు మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు పొద్దున్నే కుర్చీ వేస్తున్నాడు.